కాక్‌పిట్‌లో పాత చిప్పు, బల్ల మీద కొత్త కార్డు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఫ్లైట్ సిమ్యులేటర్ల గురించే ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నాను, నేను పైలట్‌ని కాను, విమానాల ఇంజినీరునీ కాను. రాత్రిపూట గంటో రెండు గంటలో సిమ్‌లో ఎగిరి, నిద్ర పట్టకపోతే విమానాల మాన్యువల్స్ తిరగేసే పిచ్చి ఉన్నవాణ్ణి, అంతే. నా అభిప్రాయాలు నచ్చకపోతే తిట్టండి, లెక్కల్లో తప్పుంటే దిద్దండి.

ప్రశ్న: మంచి గ్రాఫిక్స్ కార్డు కొన్నాను సర్. షూటింగ్ గేములు సెకనుకి 140 ఫ్రేములతో పరిగెడుతున్నాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మాత్రం పెద్ద ఎయిర్‌పోర్టు దగ్గరికి రాగానే మూలుగుతూ 28కి పడిపోతోంది. కార్డు పాడైందా?

కార్డుకేం కాలేదు, పాపం అది పని లేక కూర్చుంది. ఎయిర్‌పోర్టు దగ్గర ఉన్నప్పుడే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. కార్డు వాడకం ఏ యాభై అరవై శాతం దగ్గరో ఊగుతుంటుంది, ప్రాసెసర్ కూడా మొత్తం మీద పాతిక శాతమే అంటుంది. ఇద్దరూ ఖాళీగా ఉంటే పని ఎందుకు నడవట్లేదు అని మీకు డౌటు వస్తుంది. ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే ఎనిమిది కోర్లలో ఒక్కటే చెమటలు కక్కుతోంది, మిగతా ఏడూ గట్టు మీద కూర్చుని చూస్తున్నాయి, అదీ విషయం. విమానం మీద గాలి ఎలా పనిచేస్తుందన్న లెక్క, కాక్‌పిట్ పరికరాలు, చుట్టూ తిరిగే ఇతర విమానాలు, వీటిలో చాలా పని మెయిన్ థ్రెడ్ అనే ఒకే వరసలో సాగుతుంది. ముందు లెక్క తేలితే గానీ తర్వాతది మొదలవదు కాబట్టి, పనిని పదిమందికి పంచడం గేమ్ రాసేవాళ్లకి కూడా అంత సులువు కాదు. షూటింగ్ గేములో మీరు తిరిగేది నాలుగు వీధులు. ఇక్కడ మొత్తం భూగోళం, 2 పెటాబైట్లకి పైగా ఉన్న మ్యాపుల డేటాలోంచి మీకు కావలసిన ముక్క ఇంటర్నెట్ మీద వచ్చి పడుతూ ఉంటుంది.

కాబట్టి షాడోలు, మేఘాలు తగ్గించి మురిసిపోకండి, అవి కార్డు చేసే పనులు. ట్రాఫిక్ తగ్గించండి, టెరైన్ డీటెయిల్ సగానికి దించండి, గ్లాస్ కాక్‌పిట్ (ముళ్ల మీటర్ల బదులు తెరలుండే కాక్‌పిట్) రిఫ్రెష్ రేటు తగ్గించండి. ప్రాసెసర్ మార్చే ఉద్దేశం ఉంటే కోర్లు ఎన్నని కాదు, క్యాష్ (డబ్బు కాదు, చిప్పులోనే ఉండే చిన్న, చాలా వేగమైన మెమరీ) ఎంతని చూడండి. 2022లో ఏఎమ్‌డీ 96 ఎంబీ ఎల్3 క్యాష్‌తో 5800ఎక్స్3డీ అనే చిప్పు తెచ్చినప్పుడు సిమ్ ఆడేవాళ్లందరూ దానిమీద పడ్డది ఊరికే కాదు. మెయిన్ థ్రెడ్‌కి కావలసిన డేటా చేతికందే దూరంలో ఉంటే, ర్యామ్ దాకా వెళ్లి రావడం తప్పుతుంది.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఫ్రేముల్ని 30కో 40కో లాక్ చేసేయండి. సెకనుకి 60 అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. ప్రతి ఫ్రేమూ 33 దగ్గర కచ్చితంగా వస్తుంటే కంటికి అలవాటైపోతుంది. ఒకటి 18లో, ఒకటి 40లో, ఇంకోటి 25లో వస్తేనే ఆ గుచ్చుకునే కుదుపు. సరిగ్గా టచ్‌డౌన్ ముందు ఆ కుదుపు వచ్చిందంటే ముక్కు ఎంత ఎత్తాలో చెయ్యికి తెలియదు, విమానం దబ్బున పడుతుంది, మనం జాయ్‌స్టిక్‌ని తిడతాం.

ప్రశ్న: పోయిన సంచికలో కూడా 30 ఫ్రేములు చాలన్నారు. ఏ కాలంలో ఉన్నారు? ఒకసారి కళ్ల డాక్టర్‌కి చూపించుకోండి.

చూపించుకున్నాను, బాగానే ఉన్నాయట. 30 చాలన్నది విమానం నడిపేవాళ్లకి. 35 వేల అడుగుల ఎత్తులో కదిలేది ఏముందండీ, ఓ మేఘం, రెండు అంకెలు. మీరు ఎదురుగా వచ్చేవాణ్ణి కాల్చే ఆటలు ఆడతారనుకుంటా, అక్కడ మీ మాటే రైటు. 144 హెర్ట్జ్ తెర మీద కొత్త బొమ్మ 7 మిల్లీసెకన్లకోసారి వస్తుంది, దానికి అలవాటుపడ్డ చెయ్యి వెనక్కి రాదు. వీఆర్ హెడ్‌సెట్ విషయంలో నేను అన్నమాట పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నాను. అక్కడ తల తిప్పాక బొమ్మ ఆలస్యంగా తిరిగితే కడుపులో తిప్పేస్తుంది, 90కి తగ్గితే నాకు ల్యాండింగ్ కంటే ముందు వాంతి వచ్చేలా ఉంటుంది.

అయినా ఒక్కమాట, 1993లో వచ్చిన డూమ్ సెకనుకి 35 ఫ్రేముల దగ్గర ఆగిపోయేది. దాంతోనే జనం తెల్లవార్లూ ఆడారు.

ప్రశ్న: ఫ్రేమ్ జనరేషన్ మోసమా, మేలా?

రెండూ. అది రెండు నిజం ఫ్రేముల మధ్య ఊహించి ఒక ఫ్రేము గీసి పెడుతుంది. మధ్యలోది గీయాలంటే తర్వాతది వచ్చేదాకా చేతిలో ఆపుకోవాలి కదా, అంటే బొమ్మ నున్నగా కనిపిస్తుంది గానీ మీ చేతికి జవాబు కాస్త లేటవుతుంది. సిమ్‌లో వాడతాను. పోటీ గేముల్లో వాడను. 20 ఫ్రేములు వచ్చే సిస్టమ్‌ని 40 చేసి చూపించడానికి మాత్రం వాడకండి, కుంటిగుర్రానికి రంగేసినట్టు ఉంటుంది.

ప్రశ్న: విమానాల్లో పాత వీడియోగేముల్లో వాడిన చిప్పులే ఉంటాయని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? నిజమైతే భయమేస్తోంది.

నిజమే, భయం మాత్రం అక్కర్లేదు. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త సాగదీస్తాను, ఏమనుకోకండి.

ఎయిర్‌బస్ ఎ320 మొదటిసారి ఎగిరింది 1987లో, ప్రయాణికులతో సర్వీసులోకి వచ్చింది 1988లో. పైలట్ కర్ర కదిపితే తీగలు, గొలుసులతో రెక్కల్ని లాగే పద్ధతి బదులు, ఆ కదలికని కంప్యూటర్ చదివి రెక్కలకి ఆర్డర్ వేసే డిజిటల్ ఫ్లై బై వైర్ మొదట వచ్చిన ప్రయాణికుల విమానం అదే. అందులో ఆ ఆర్డర్లు వేసే ఈలాక్ అనే కంప్యూటర్లు రెండు, సెక్ అనేవి మూడు. ఈలాక్‌లో ఉన్నది మోటరోలా 68000 కుటుంబం చిప్పు. అదే 1988లో జపాన్‌లో విడుదలైన సెగా మెగా డ్రైవ్ గేమ్ కన్సోల్‌లో ఉన్నదీ 68000నే, మొదటి మెకింటాష్‌లోనూ అదే. సెక్‌లో మాత్రం ఇంటెల్ 80186 పెట్టారు, కావాలనే. ఒక చిప్పు తయారీలోనే ఏదైనా లోపం ఉంటే అది రెండు రకాల కంప్యూటర్లనీ ఒకేసారి పడగొట్టకూడదు. సాఫ్ట్‌వేర్ కూడా వేర్వేరు టీములు రాశాయి. పైగా ఒక్కో పెట్టెలో రెండు భాగాలు, ఒకటి ఆర్డర్ వేస్తుంది, రెండోది అదే లెక్కని తనూ చేసి సరిచూస్తుంది, తేడా వస్తే ఆ పెట్టె తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది, వేరే పెట్టె పని అందుకుంటుంది.

బోయింగ్ 777 వాళ్లు ఇంకో మెట్టు పైకెళ్లారు. మూడు ఫ్లైట్ కంప్యూటర్లు, ఒక్కోదాంట్లో మూడు వేర్వేరు ప్రాసెసర్లు: ఇంటెల్ 80486, మోటరోలా 68040, ఏఎమ్‌డీ 29050. ఇంటెలా ఏఎమ్‌డీనా అని మనం కొట్టుకు చస్తుంటే వాళ్లు అందర్నీ ఒకే పెట్టెలో కూర్చోబెట్టారు.

సరే, ఇప్పుడు అంతకంటే వేల రెట్లు వేగం ఉన్నవి దొరుకుతున్నాయి కదా, అవెందుకు పెట్టరు? రెక్క చివర పలకని ఎంత కోణంలో తిప్పాలన్న లెక్కకి అంత వేగం అవసరం లేదు, మొదటి సంగతి. రెండోది అసలు సంగతి. పైన క్యాష్ గురించి తెగ పొగిడాను చూశారా, అదే విమానాల వాళ్లకి తలనొప్పి. డేటా క్యాష్‌లో ఉంటే లెక్క చిటికెలో అవుతుంది, లేకపోతే చాలా ఆలస్యం. మనకి సగటు బాగుంటే చాలు. ఈ లెక్క ఎంత ఆలస్యమైనా ఇన్ని మిల్లీసెకన్లలోపు పూర్తయి తీరుతుందని కాగితం మీద రుజువు చెయ్యాలి వాళ్లు. డీఓ-178 అనే ప్రమాణం ప్రకారం, తప్పితే విమానమే పోయేంత ముఖ్యమైన సాఫ్ట్‌వేర్‌ని ఎ స్థాయి అంటారు, దాంట్లో ప్రతి నిర్ణయాన్నీ పరీక్షించి చూపించాలి. ఆ పనంతా ఒక చిప్పు మీద అయ్యాక, కొత్త మోడల్ వచ్చింది కదా అని మళ్లీ మొదటినుంచి ఎవడు చేస్తాడు? ఏళ్ల తరబడి వాడిన చిప్పు లోపాలన్నీ అందరికీ తెలిసినవే ఉంటాయి. కొత్తదాని లోపాలు ఎవరికీ తెలియవు.

అంతమాత్రాన వాటికి ఏ చిక్కులూ రావని కాదు. 2025 నవంబర్ చివర్లో, తీవ్రమైన సౌర వికిరణం వల్ల ఈలాక్‌లో డేటా చెడిపోయే అవకాశం ఉందని తేలి, ఎ320 కుటుంబంలో సుమారు 6,000 విమానాల్ని సరిచెయ్యాల్సి వచ్చింది. చాలావాటికి చేసిన మందు ఏమిటో తెలుసా, సాఫ్ట్‌వేర్‌ని ముందు వెర్షన్‌కి వెనక్కి తిప్పడం. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి, గేమ్ క్రాష్ అయి, పాత డ్రైవర్‌కి వెళ్లే మనకి ఆ బాధ బాగా తెలుసు.

ప్రశ్న: ఫ్లాపీ డిస్కులు కూడా ఇంకా వాడుతున్నారట?

బోయింగ్ 747-400లో నావిగేషన్ డేటాబేస్ ఎక్కించేది మూడున్నర అంగుళాల ఫ్లాపీతోనే. ఆ డేటా ప్రపంచమంతటా 28 రోజులకోసారి మారుతుంది, అంటే నెలనెలా ఎవరో ఒకరు ఫ్లాపీలు పట్టుకుని విమానం ఎక్కాల్సిందే. నవ్వకండి. దానికి ఇంటర్నెట్ లేదు, ఎవడూ దూరం నుంచి దూరలేడు.

ప్రశ్న: విమానాల్ని కూడా మన కంప్యూటర్లలా రీస్టార్ట్ చెయ్యాలా?

చెయ్యాలని ప్రభుత్వమే ఆర్డర్ వేసిన సందర్భం ఉంది. 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ బోయింగ్ 787 గురించి ఒక ఆదేశం ఇచ్చింది. కరెంటు ఆపకుండా 248 రోజులు నడిస్తే జనరేటర్లని అదుపు చేసే యూనిట్లు ఒక్కసారిగా చేతులెత్తేసి, విమానంలో ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటు మొత్తం పోవచ్చు, కాబట్టి అంతకుముందే ఆపి ఆన్ చెయ్యండి అని.

248 ఎక్కణ్ణుంచి వచ్చింది? కాగితం తీసుకుని లెక్క వెయ్యండి, సరదాగా ఉంటుంది. 32 బిట్ల సంఖ్యలో ఒక బిట్టు ప్లస్సా మైనస్సా అన్నదానికి పోతే, లెక్కపెట్టగలిగేది 214 కోట్ల 74 లక్షల చిల్లర. సెకనులో నూరోవంతుని ఒకటిగా లెక్కపెడుతూ పోతే ఆ సంఖ్య దాదాపు 248 రోజుల 13 గంటలకి నిండిపోతుంది. అధికారిక కాగితంలో ఉన్నది కౌంటర్ పొంగిపోవడం అన్న ఒక్క ముక్కే, మిగతాది లెక్కే చెప్పేస్తోంది. విండోస్ 95లో ఇదే రోగం, కాకపోతే అక్కడ మిల్లీసెకన్లు, పూర్తి 32 బిట్లు, అందుకని 49.7 రోజులు. అది బయటపడటానికి చాలాకాలమే పట్టింది. విండోస్ 95ని 49 రోజులు ఆపకుండా నడిపినవాడు దొరకాలి కదా మరి.

ఏరియన్ 5 రాకెట్టు 1996 జూన్ 4న తొలి ప్రయాణంలో నిమిషం కూడా ఎగరకుండా ముక్కలైంది కూడా ఇలాంటి కారణంతోనే, 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో కుక్కబోయారు. పాత ఏరియన్ 4 కోడే అది. పాత రాకెట్టు అంత వేగంగా వెళ్లేది కాదు గనుక దాంట్లో ఆ సంఖ్య ఎప్పుడూ అంత పెరగలేదు. నేను పైన పాత కోడుని, పాత చిప్పుల్ని తెగ వెనకేసుకొచ్చాను గానీ, పాతదాన్ని కొత్తచోట పెట్టినప్పుడు అది పాతది కాదు, మళ్లీ కొత్తదే.

ప్రశ్న: అన్నా, సిమ్‌లో 2,000 గంటలు దాటాను. పైలట్లిద్దరూ స్పృహ తప్పితే విమానం దించగలనా?

ముందు కాక్‌పిట్ తలుపు తెరుచుకోవాలి కదా తమ్ముడూ.

సరే, తెరుచుకుందనుకుందాం. నీకున్న అసలు బలం ఏమిటంటే ఏ స్విచ్ ఎక్కడుందో తెలుసు, ఆటోపైలట్‌ని ముట్టుకోకూడదని తెలుసు, రేడియో బటన్ నొక్కి మాట్లాడగలవు, 121.5 ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ అని తెలుసు. కింద నుంచి చెప్పేవాడికి నీలాంటివాడు దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది. సినిమాల్లోలా చేత్తో దించుతానని మాత్రం కలలు కనకు. గంటకి 250 కిలోమీటర్ల వేగంతో నేల మీదకి వస్తుంటే నడుము కింద కుర్చీ చెప్పే కబుర్లు సిమ్‌లో నువ్వెప్పుడూ వినలేదు. విమానం తనంతట తానే దిగే ఆటోలాండ్ పెట్టుకోవచ్చు గానీ అది కూడా బటన్ నొక్కితే జరిగిపోయే మంత్రం కాదు, రన్‌వేకి సరైన సిగ్నల్ ఉండాలి, గాలి హద్దుల్లో ఉండాలి, ఫ్లాప్సూ చక్రాలూ సమయానికి దించేది నువ్వే. ఎదురుగాలి పక్కగాలి బాగా ఎక్కువైతే పైలట్లే ఆటోలాండ్‌ని పక్కనపెట్టి చేత్తో దించుతారు, చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

చిన్న విమానాల్లో అయితే ఆ మంత్రం నిజంగానే వచ్చేసింది. 2020లో పైపర్ ఎం600కి గార్మిన్ వాళ్ల ఆటోలాండ్‌కి ఆమోదం దొరికింది. ప్రయాణికుడు ఒక్క బటన్ నొక్కితే దగ్గర్లో అనువైన రన్‌వే వెతుక్కుని, కింద నుంచి విమానాలకి దారి చెప్పే ఏటీసీతో అదే మాట్లాడి, దించి, ఇంజన్ కూడా అదే ఆపేస్తుంది. నీ 2,000 గంటలకి పోటీ వచ్చినట్టే.

ప్రశ్న: జాయ్‌స్టిక్ ఏది కొనాలి?

కంపెనీ పేర్లు చెప్పను. లోపల హాల్ సెన్సర్ ఉందా, పొటెన్షియోమీటర్ ఉందా అని అడగండి. రెండోదాంట్లో ఒక పట్టీ మీద చిన్న ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది, అరుగుతుంది, దుమ్ము చేరుతుంది. హాల్ సెన్సర్ అయస్కాంతాన్ని దూరం నుంచి చదువుతుంది, రాపిడే లేదు. నా మొదటి జాయ్‌స్టిక్ ఏడాదికే ఎడమవైపు లాగడం మొదలుపెట్టింది. వారంటీ అడిగితే కంపెనీవాడు డెడ్‌జోన్ (కర్ర కాస్త కదిలినా సిమ్ పట్టించుకోని హద్దు) పెంచుకోమన్నాడు. పెంచాను, ఇంకా పెంచాను, చివరికి కర్ర సగం తిప్పితే గానీ విమానం ఒరగని పరిస్థితి. అప్పుడు విప్పి తుడిచాను, ఇంకో మూడు నెలలు నడిచింది. కొనే ముందు ఇంకోటి కూడా చూడండి, కర్రని మెలితిప్పితే తోక మీది రడ్డర్ తిరిగే రకం ఉండాలి, లేకపోతే తర్వాత పెడల్స్ అంటూ ఇంకో ఖర్చు.

ప్రశ్న: అమెరికా సైన్యం ప్లేస్టేషన్లతో సూపర్ కంప్యూటర్ కట్టిందంటే మా అన్నయ్య నమ్మట్లేదు.

మీరే గెలిచారు. 2010లో అమెరికా వైమానిక దళం పరిశోధకులు 1,760 ప్లేస్టేషన్ 3లని కలిపి కాండోర్ క్లస్టర్ కట్టారు. అప్పట్లో అంత లెక్కలు చేసే శక్తి అంత చవగ్గా వేరేచోట దొరికేది కాదు. వింత ఏమిటంటే, ఆ ఏడాదే ఏప్రిల్‌లో సోనీ ఒక అప్‌డేట్‌తో ప్లేస్టేషన్ 3లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకునే సౌకర్యాన్ని తీసేసింది. అప్‌డేట్ చేయని పెట్టెలే ఇలాంటి పనికి పనికొస్తాయన్నమాట.

ప్రశ్న: విండోస్ 10 ఆగిపోయింది, నా సిస్టమ్‌కి 11 ఎక్కదు. పారేయాలా?

వద్దు. లినక్స్ పెట్టి చూడండి, విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ పుణ్యమా అని స్టీమ్‌లో చాలా గేములు ఆడుకోవచ్చు. యాంటీ చీట్ ఉన్న ఆన్‌లైన్ గేములు కొన్ని మొరాయిస్తాయి. సిమ్ కావాలంటే ఎక్స్-ప్లేన్‌కి, ఫ్లైట్‌గేర్‌కి లినక్స్ వెర్షన్లే ఉన్నాయి.

ప్రశ్న: కార్లన్నీ బ్యాటరీతో నడుస్తుంటే పెద్ద విమానాలు ఎప్పుడు నడుస్తాయి?

ఇప్పట్లో లేదు, బరువు లెక్క కుదరదు. కిలో విమాన ఇంధనంలో దాదాపు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటుంది, మంచి బ్యాటరీ కిలోకి 250, 300 దగ్గరే ఉంది. ఎలక్ట్రిక్ మోటారు, ఇంధనం కాల్చే ఇంజన్‌కంటే బాగా పొదుపరి అని సర్దిచెప్పుకున్నా ఆ తేడా పూడదు. ఇంధనం కాలిపోతూ విమానం తేలికవుతుంది, బ్యాటరీ ఖాళీ అయినా అంతే బరువుతో దిగాలి, ఈ మాట ఎవరూ చెప్పరు. శిక్షణకి మాత్రం వచ్చేశాయి. 2020లో పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రోకి యూరప్‌లో ఆమోదం వచ్చింది, రెండు సీట్లు, గంటలోపు ప్రయాణం. ఎయిర్‌పోర్టు చుట్టూ ప్రదక్షిణాలు నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

ప్రశ్న: కదిలే సీటు కొనాలని ఉంది. ఉపయోగం ఉంటుందా?

1929లో ఎడ్విన్ లింక్ అనే ఆయన పైలట్లకి నేల మీదే శిక్షణ ఇచ్చే తన మొదటి ట్రైనర్ కట్టింది వాళ్ల నాన్న ఆర్గన్లు, పియానోలు తయారుచేసే కార్ఖానాలో. ఆర్గన్‌లోకి గాలి ఊదే తిత్తులతోనే దాన్ని ఊపాడు. ఇప్పుడు ఎయిర్‌లైన్ల దగ్గరుండే పెద్ద సిమ్యులేటర్లు ఆరు కాళ్ల మీద నిలబడి అటూ ఇటూ వంగుతాయి, కానీ గది దాటి బయటికి పోలేవు కదా, మరి టేకాఫ్‌లో వీపు సీటుకి అతుక్కునే ఆ ఒత్తిడి ఎలా తెప్పిస్తారు? తెర మీద రన్‌వే సమతలంగానే కనిపిస్తుంటుంది, క్యాబిన్‌ని మాత్రం మెల్లగా వెనక్కి వంచుతారు. మీ బరువే మిమ్మల్ని వెనక్కి నొక్కుతుంది, చెవిలో తూకం చూసే భాగం దాన్ని వేగం పెరగడం అనుకుని మోసపోతుంది.

అందుకని సీటు కొనే ముందు ఈ కిటుకు ఊరికే ప్రయత్నిద్దామని, నేను టేకాఫ్ సమయానికి నా కుర్చీనే కాళ్లతో తన్ని వెనక్కి వంచి చూశాను. భ్రమ బాగానే కుదిరింది, కుర్చీయే కుదర్లేదు.